ప్రార్థన మార్చుకున్న ఊరు: మంచుకొండలు నేర్పే పాఠం



మా విచారణలో రైతు కుటుంబాలు ఎక్కువ. ఒక ఏడాది ఆషాఢం గడిచిపోయినా చినుకు రాలలేదు. నారుమళ్లు ఎండిపోతుంటే పెద్దలు వచ్చి, "ఫాదర్‌గారూ, వానల కోసం పూజ పెట్టండి" అన్నారు. పూజ చేశాం. జపమాల చెప్పుకుంటూ ఊరి చుట్టూ ప్రదక్షిణ చేశాం. ఆ మరుసటి ఏడాదే కోతల వేళ ముసురు పట్టింది. కోసి పరిచిన పనల మీద నీళ్లు నిలిచాయి. అదే పెద్దలు మళ్లీ వచ్చారు. "ఫాదర్‌గారూ, వాన ఆగాలని పూజ పెట్టండి" అన్నారు. వారిలో ఒక ముసలాయన కొంచెం సిగ్గుపడుతూ, "దేవుడు ఏమనుకుంటాడో! నిరుడు కావాలన్నాం, ఇప్పుడు వద్దంటున్నాం" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. కాని ఆయన మాట నా మనసులో నిలిచిపోయింది.

అదే జనం, అదే గుడి, అదే విశ్వాసం. ప్రార్థన మాత్రం తలకిందులైంది. సరిగ్గా ఇటువంటిదే స్విట్జర్లాండు దేశంలోని ఒక కొండ ఊరిలో జరిగింది. అయితే అక్కడ ప్రార్థన తలకిందులు కావడానికి ఒక ఏడాది కాదు, 332 ఏళ్లు పట్టింది. వాతావరణ మార్పు అనే మాటను మనం రేడియోలో, టీవీలో, పిల్లల పాఠ్యపుస్తకాలలో తరచుగా వింటూనే ఉన్నాం. ఆ మాటకు అర్థం ఏమిటో, అది కొండలలో నివసించే ప్రజలను ఎలా తాకుతున్నదో, మనకు దానితో సంబంధం ఏమిటో ఈ ఊరి కథ ఆధారంగా ఈ వారం తెలుసుకుందాం.

1678 నాటి మొక్కుబడి

స్విట్జర్లాండులో వాలే అనే రాష్ట్రం ఉన్నది. అక్కడి ప్రజలలో కతోలికులే ఎక్కువ. చుట్టూ ఆల్ప్స్ పర్వతాలు, మధ్యలో రోన్ నది లోయ. ఆ లోయలోనే ఫీష్, దాని పక్కన ఫీషెర్‌టాల్ అనే చిన్న ఊళ్లు ఉన్నాయి. వాటి పైన, కొండల నడుమ, అలెచ్ అనే హిమానీనదం ఉన్నది.

హిమానీనదం అంటే మంచు నది. ఎత్తయిన కొండలలో ఏటేటా కురిసిన మంచు కరగకుండా పొరమీద పొరగా పేరుకుంటుంది. పై బరువుకు అడుగు పొరలు గట్టి గాజుగడ్డలా మారతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే, కంటికి కనిపించనంత నెమ్మదిగా, కిందికి జారుతూ ఉంటుంది. అలెచ్ హిమానీనదం ఆల్ప్స్ పర్వతాలన్నిటిలోకి పెద్దది. దీని పొడవు 20 కిలోమీటర్లకు పైనే. మంచు బాగా మందంగా ఉన్నచోట దాని లోతు దాదాపు 800 మీటర్లు.

17వ శతాబ్దంలో ఈ మంచు నది పెరుగుతూ ఊళ్లవైపు దిగివచ్చింది. పశువులు మేసే బీళ్లను మింగింది. అంతకంటె పెద్ద భయం మరొకటి ఉండేది. హిమానీనదం పక్కన మేర్యెలెన్ అనే సరస్సు ఉన్నది. ఆ రోజులలో దానికి ఒకవైపు గట్టు ఈ మంచే. మంచు గట్టు తెగిన రోజున సరస్సు నీరంతా ఒక్కసారిగా లోయలోకి విరుచుకుపడేది. చెరువు కట్ట తెగడం అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ భయం వేరుగా చెప్పనవసరం లేదు.

అందుచేత 1678లో ఫీష్, ఫీషెర్‌టాల్ ప్రజలు దేవునికి మొక్కుకున్నారు. "ఈ మంచు ఇక పెరగకుండా ఆపుము" అన్నది వారి మనవి. ఆ మొక్కులో రెండు భాగాలు ఉన్నాయని గమనించండి. మొదటిది ప్రార్థన. రెండవది, తాము సన్మార్గంలో నడుచుకుంటామనే ప్రమాణం. ఈ రెండవ భాగాన్ని గుర్తుంచుకోండి. ఈనాటి మన పాఠమంతా దాని మీదనే నిలిచి ఉన్నది.

తరాలు గడిచాయి. 1862లో వారు మొక్కుకు ఏటేటా ప్రదక్షిణను కూడా జతచేశారు. పునీత ఇగ్నేషియస్‌గారి పండుగ దినమైన జూలై 31న, తెల్లవారకముందే బయలుదేరి, అడవిలో మరియమాత సందర్శనం పేరిట ఉన్న చిన్న గుడికి నడిచి వెళ్లేవారు. మన గుణదల కొండకు కాలినడకన వెళ్లే యాత్రికులను తలచుకుంటే ఆ దృశ్యం మనకు బోధపడుతుంది. ఇంకొక సంగతి. ఆ ప్రజలు ప్రార్థన చేసి చేతులు ముడుచుకు కూర్చోలేదు. 19వ శతాబ్దం చివరి భాగంలో మేర్యెలెన్ సరస్సు నీటిని అదుపుగా బయటికి మళ్లించడానికి కొండలో సొరంగం కూడా తవ్వారు. ఒక చేత జపమాల, ఒక చేత గునపం.

మంచు వెనక్కి నడిచింది

మంచు పెరగడం ఆగింది. ఆగడమే కాదు, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. 1860 ప్రాంతంలో ఎంత దూరం దిగివచ్చిందో, అక్కడినుండి ఇప్పటికి 3 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. పొడవే కాదు, మందం కూడా తగ్గింది. ఆ హిమానీనదం అంచున కొండ ఎక్కేవారి కోసం 1877లో ఒక బస కట్టారు. అప్పట్లో మంచు మీదినుండి కొద్దిపాటి ఎత్తు ఎక్కితే బస చేరేవారు. మంచు కిందికి కుంగిపోతున్నకొద్దీ రాతి గోడకు ఇనుప మెట్లు కలుపుతూ వచ్చారు. ఇప్పుడు ఆ మెట్లు నాలుగు వందలకు పైనే. బస కదలలేదు, కొండ ఎదగలేదు. మంచే కుంగిపోయింది.

తాతముత్తాతల మొక్కు ప్రకారం ఊరివారు "మంచు పెరగకూడదు" అని ఏటేటా ప్రార్థిస్తూనే ఉన్నారు. కళ్లముందు మంచు కరిగిపోతున్నది. పెదవుల మీద మాత్రం పాత ప్రార్థన. చివరికి వారు తమలో తాము ఆలోచించుకున్నారు. మొక్కు అంటే దేవునికి ఇచ్చిన మాట. దానిని తమ ఇష్టానికి మార్చుకోరాదు. అందుచేత 2009లో రోము నగరానికి విన్నవించుకున్నారు. 2010లో, పోపు 16వ బెనెడిక్టుగారి కాలంలో, అనుమతి వచ్చింది. అప్పటినుండి వారి ప్రార్థన మారింది. "మంచు పెరగకుండా ఆపుము" అనడానికి బదులు "మంచు కరిగిపోకుండా కాపాడుము" అని వేడుకుంటున్నారు.

ఎందుకు కరుగుతున్నది?

1678 నాటి చలి సంగతి మొదట చూద్దాం. దాదాపు 14వ శతాబ్దం నుండి 19వ శతాబ్దం నడిమి వరకు ఐరోపా ఖండంలో చలి ఎక్కువగా ఉండేది. అగ్నిపర్వతాలు పేలి ఆకాశాన్ని కప్పిన ధూళి, సూర్యుని తేజస్సులో స్వల్పమైన తగ్గుదల వంటివి దానికి కారణాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఫీష్ ప్రజలు చేసిన పని ఏదీ ఆ మంచును పెంచలేదు.

ఇప్పటి వేడిమి వేరు. మనం బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు మండించినప్పుడు కార్బన్ డయాక్సైడు పుడుతుంది. పాత పుస్తకాలలో దీనినే బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఇది భూమికి దుప్పటి వంటిది. భూమినుండి బయటికి పోవలసిన వేడిని కొంత పట్టి ఉంచుతుంది. అసలే లేకపోతే భూమి గడ్డకట్టుకుపోతుంది. అతిగా ఉంటే ఉడికిపోతుంది. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న ఈ వాయువు నేడు 420 పాళ్లు దాటింది. మండువేసవిలో ఒకరిమీద రెండవ దుప్పటి కప్పితే ఏమవుతుందో భూమికి అదే అవుతున్నది.

కొండలలో ఈ వేడి మరింత త్వరగా పెరుగుతున్నది. తెల్లని మంచు ఎండను అద్దంలా తిప్పి కొడుతుంది. మంచు కరిగితే కింద ఉన్న నల్లని రాయి బయటపడుతుంది. నల్లని రాయి ఎండను తాగుతుంది. దాని వేడికి పక్క మంచు కరుగుతుంది. స్విట్జర్లాండు దేశంలో వేడిమి, లోకమంతటి సగటుతో పోల్చితే దాదాపు రెండింతలు పెరిగింది. 2022, 2023 ఈ రెండేళ్లలోనే ఆ దేశపు హిమానీనదాలు తమ మంచులో పదోవంతు పోగొట్టుకున్నాయి. రోన్ నది పుట్టే హిమానీనదం దగ్గర, యాత్రికులు చూడవచ్చే మంచు గుహ కరగకుండా, వేసవిలో తెల్లని దుప్పట్లు కప్పుతున్నారు. జ్వరం వచ్చిన బిడ్డకు తడిగుడ్డ వేసినట్లు, కొండకు దుప్పటి వేస్తున్నారు. జ్వరం మాత్రం తగ్గడం లేదు.

కొండవాసుల కష్టాలు

"మంచు కరిగితే నీరు పెరుగుతుంది, మంచిదే కదా?" అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. వాలే రాష్ట్రంలో వానలు తక్కువ. అక్కడి రైతులు వందల ఏళ్లుగా కొండ చరియల వెంట చెక్క కాలువలు కట్టి, మంచు కరిగిన నీటిని పొలాలకు, ద్రాక్షతోటలకు తెచ్చుకుంటున్నారు. ఎవరి వంతు ఎప్పుడో చెక్కముక్కల మీద గాట్లు పెట్టి లెక్క చూసుకునేవారు. మన ఊళ్లలో నీరటికాడు చెరువు తూము తెరిచి వంతుల ప్రకారం నీరు వదిలినట్లే. ఐరోపాలోని ఈ సంప్రదాయ నీటిపారుదలను 2023లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

హిమానీనదం బ్యాంకులో వేసిన సొమ్ము వంటిది. చలికాలంలో మంచు జమ అవుతుంది, వేసవిలో కొంత కరిగి ఖర్చు అవుతుంది. జమాఖర్చులు సరిపోయినంతకాలం అసలు అలాగే ఉంటుంది. ఇప్పుడు ఖర్చు పెరిగింది, జమ తగ్గింది. వడ్డీతో బతకవలసిన ఇల్లు అసలును తినడం మొదలుపెట్టింది. అసలు తినే ఇంట్లో కొన్నాళ్లు చేతినిండా డబ్బు ఆడుతుంది. చూసేవారికి ఆ ఇల్లు కలకలలాడుతున్నట్లే ఉంటుంది. ఆ తరువాత ఒకనాడు ఏమీ మిగలదు. కొండ నదులలోనూ అంతే. మొదట కొన్నేళ్లు నీరు ఎక్కువ వస్తుంది. ఆ తరువాత, సరిగ్గా ఎండలు మండే నెలలలో, తగ్గిపోతుంది.

రెండవ కష్టం, కొండ నిలకడ తప్పడం. ఎత్తయిన కొండలలో రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి కరగని మంచు ఉంటుంది. గోడలో రాళ్లను సున్నం పట్టి ఉంచినట్లు, ఆ మంచు కొండను పట్టి ఉంచుతుంది. అది కరిగితే కొండ వదులవుతుంది.

ఇదే వాలే రాష్ట్రంలో బ్లాటెన్ అనే ఊరు ఉండేది. సుమారు 300 మంది జనం. 2025 మే నెలలో ఊరి పైనున్న శిఖరం నుండి రాళ్లు రాలి, లక్షల టన్నుల బరువు బిర్చ్ అనే హిమానీనదం మీద పడింది. అధికారులు గమనించి మే 19న ప్రజలందరినీ, వారి పశువులతో సహా, ఊరు ఖాళీ చేయించారు. మే 28న హిమానీనదం తెగి కిందికి దూకింది. ఊరిలో దాదాపు తొంభై శాతం మంచు, మట్టి, రాళ్ల కింద పూడిపోయింది. నదికి అడ్డం పడడంతో నీరు నిలిచి, మిగిలిన ఇళ్లు మునిగాయి. ముందు జాగ్రత్త వల్ల ప్రాణాలు దక్కాయి. ఒక్కరు మాత్రం మరణించారు. కాని తాతలనాటి ఊరు ఒక్క నిమిషంలో లేకుండా పోయింది.

ఇక్కడ తొందరపడి మాట్లాడకూడదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో, దగ్గరి కారణం వేరు, దూరపు కారణం వేరు అని మాకు మొదట నేర్పారు. బ్లాటెన్ ఊరికి దగ్గరి కారణం రాళ్లు జారిపడడం. కొండలు ఎప్పుడూ జారుతూనే ఉన్నాయి. ఈ ఒక్క ప్రమాదానికి భూమి వేడెక్కడమే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పరు. కాని కొండను పట్టి ఉంచే మంచు కరుగుతుంటే ఇటువంటివి జరిగే అవకాశం పెరుగుతుందని మాత్రం చెబుతారు. మితిమీరి తాగే మనిషి ఒకనాడు జారిపడితే, తడి నేల వల్ల జారాడా, తాగుడు వల్ల జారాడా అని వాదించుకోవచ్చు. తాగుడు మాన్పించవలసిన అవసరం గురించి మాత్రం వాదన ఉండదు.

మన హిమాలయాలు

స్విట్జర్లాండు ధనిక దేశం. కొండకు పరికరాలు అమర్చి, ప్రతి కదలికను కొలవగలదు. ఊరు పోయినవారికి మరో ఇల్లు కట్టించగలదు. మన హిమాలయాల ఒడిలో నివసించేవారి సంగతి అలా కాదు. హిమాలయాలు, వాటిని ఆనుకొని ఉన్న హిందూకుష్ పర్వతాలలో సుమారు 24 కోట్ల మంది నివసిస్తున్నారు. అక్కడ పుట్టిన నదుల మీద ఆధారపడి దిగువన మరో 165 కోట్ల మంది ఉన్నారు.

2013 జూన్ నెలలో కేదారనాథ్ దగ్గర కుండపోత వాన కురిసి, పైనున్న చోరాబారి సరస్సు గట్టు తెగి, వేలమంది మరణించిన సంగతి మీరు మరచిపోయి ఉండరు. మన తెలుగు యాత్రికులు కూడా ఎందరో అక్కడ చిక్కుకున్నారు. 2023 అక్టోబరు 4వ తేదీ తెల్లవారకముందే సిక్కిం రాష్ట్రంలో దక్షిణ లోనక్ సరస్సు పొంగింది. హిమానీనదం కరుగుతూ దశాబ్దాలుగా పెంచిన సరస్సు అది. గట్టు చరియ విరిగి సరస్సులో పడగా లేచిన అల, కట్టను తెంచుకొని తీస్తా నదిలోకి దూకింది. చుంగ్‌థాంగ్ వద్ద పెద్ద ఆనకట్ట కొట్టుకుపోయింది. నది వెంట ఉన్న ఊళ్లు నిద్రలోనే వరద పాలయ్యాయి. 1678లో ఫీష్ ప్రజలు భయపడినది సరిగ్గా దీనికే.

అదే రోజున, పునీత ఫ్రాన్సిస్ అస్సీసిగారి పండుగనాడు, పోపు ఫ్రాన్సిస్‌గారు వాతావరణ సంక్షోభం గురించి తమ రెండవ పత్రాన్ని వెలువరించారు. 2015లో రాసిన విశ్వలేఖకు ఇది కొనసాగింపు. మొదటి లేఖ వెలువడిన తరువాత ఎనిమిదేళ్లలో లోకం చేసింది చాలదని అందులో వారు బాధపడ్డారు. ఆ పత్రం రోములో విడుదలయ్యే గంటలలో సిక్కింలో తల్లులు తమ పిల్లల కోసం బురదలో వెదుకుతున్నారు.

ఆ లోయల్లో పశువులు కాచుకునేవారు, యాలకులు పండించుకునేవారు భూమిమీద రెండవ దుప్పటి కప్పలేదు. కార్లు, కర్మాగారాలు, విమానాలు వారివి కావు. అయినా దుప్పటి బరువు మొట్టమొదట వారిమీదనే పడుతున్నది. పేదవాని గొర్రెపిల్లను పట్టుకుపోయి అతిథికి విందు చేసిన ధనవంతుని కథను నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పాడు. ఆ ధనవంతుడు ఎవరో రాజుకు చివరిదాకా తెలియలేదు.

మనకు ఏమిటి సంబంధం?

"ఫాదర్‌గారూ, మన గోదావరి నాసిక్ దగ్గర పుట్టింది, మన కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టింది. మన నదులకు మంచుతో పని లేదు కదా" అని కొందరు అనవచ్చు. నిజమే. సహ్యాద్రి కొండలలో మంచు లేదు. మన నదులు వానలతోనే నిండుతాయి. కాని కరిగిన మంచు నీరు ఎక్కడికి పోతుంది? సముద్రానికే. సముద్రానికి స్విట్జర్లాండు ఒడ్డు, సిక్కిం ఒడ్డు అని వేరుగా లేవు.

2000 నుండి 2023 వరకు లోకంలోని హిమానీనదాలు ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల మంచును పోగొట్టుకున్నాయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ నీటి వల్ల సముద్ర మట్టం 18 మిల్లీమీటర్లు పెరిగింది. 18 మిల్లీమీటర్లంటే ఒక వేలి వెడల్పు. ఇంతేనా అనిపిస్తుంది. కాని ఇది హిమానీనదాల వాటా మాత్రమే. ధ్రువ ప్రాంతాల మహా మంచు పలకలు కరగడం, నీరు వేడికి ఉబ్బడం దీనికి తోడవుతున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాలు సముద్రానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉన్నాయి. తుఫాను రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఒక్కొక్క వేలి ఎత్తుకూ లెక్క ఉంటుంది. ఉప్పాడ తీరంలో ఇళ్లు, గుళ్లు, రోడ్లు సముద్రం పాలవుతున్న సంగతి మీకు తెలుసు. ఆ కోతకు కారణాలు అనేకం. నదులు తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనుక ఆగిపోవడం కూడా వాటిలో ఒకటని చెబుతారు. వాటికి పెరిగే సముద్రం తోడైతే, ఎక్కడో కొండమీద కరిగిన మంచు మన మత్స్యకారుని గడపను తడుపుతుంది.

రెండు సందేహాలు

మొదటి సందేహం: "ఎండా వానా దేవుని చేతిలోనివి. మనిషి చేసేది ఏముంది?" పునీత తోమాసు అక్వినాసుగారు దీనికి ఏనాడో సమాధానం ఇచ్చారు. దేవుడు ప్రథమ కారణం. ఆయన లోకాన్ని నడిపించేది ద్వితీయ కారణాల ద్వారా. రైతు దున్నకుండా, విత్తకుండా దేవుడు పంట పండించడు. అందుచేత పంట దేవుడిచ్చినది కాదని ఎవరూ అనరు. మంచును కాపాడమని దేవుని అడిగితే, ఆయన మన చేతులవైపే చూస్తాడు.

రెండవ సందేహం: "నేనొక్కడిని మారితే ఏమవుతుంది?" మన ఇళ్లలో తల్లులు అన్నం వండేముందు గుడికోసం పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఒక పిడికెడు ఒక కాకికి చాలదు. ఊరంతా పోస్తే బస్తాలు నిండి, అనాథ బాలల వసతిగృహానికి కొన్నాళ్లకు సరిపోతాయి. భూమిని వేడెక్కించిన పొగ కూడా ఇలాగే పిడికెడు పిడికెడుగా పోగైంది. పోగైన దారినే తగ్గాలి.

అయితే అందరి పిడికిళ్లూ ఒక్కటి కావు. భారతదేశంలో ఒక మనిషి సగటున వదిలే కార్బన్ డయాక్సైడు లోక సగటులో సగంకన్న తక్కువ. మన దేశంలోనూ కూలి మనిషి ఇంట్లో తిరిగే ఒక్క ఫ్యానూ, గదికొక ఏసీ ఉన్న మేడా ఒక్కటి కాదు. ఫ్యాను ఆపమని కూలి తల్లికి ప్రసంగం చెప్పడం న్యాయం కాదు. మొక్కుబడి తాహతు కొద్దీ ఉండాలి. ఎక్కువ ఖర్చు చేసేవారే ఎక్కువ తగ్గించుకోవాలి. దేశాల మధ్య కూడా ఇదే ధర్మం. గనులు, కర్మాగారాలు, ప్రభుత్వాలు చేయవలసిన పెద్ద పనులు ఉన్నాయి. వాటిని అడిగే హక్కు, ఓటు వేసే పౌరులుగా, మనకు ఉన్నది.

మొక్కులోని రెండవ భాగం

ఇప్పుడు మళ్లీ ఫీష్ ఊరికి వెళదాం. 1678లో మంచు పెరగడం ఆ ప్రజల తప్పు కాదు. అయినా వారు దేవుని ముందు నిలిచి, "మా నడవడి దిద్దుకుంటాం" అని మాట ఇచ్చారు. నేడు మంచు కరగడం ముఖ్యంగా మనుషుల పనే అని మనకు తెలుసు. కొలతలతో సహా తెలుసు. అయినా నడవడి దిద్దుకునే మాట మనం ఎత్తడం లేదు. తమ తప్పు కానిదానికి వారు మారారు. మన చేతిలో ఉన్నదానికి మనం మారడం లేదు. ప్రార్థన మార్చుకోవడానికి రోము నగరం అనుమతి ఇవ్వగలదు. జీవితం మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మేలు చేయడానికి ఇంకా సమయం ఉన్నదా అంటే, ఉన్నది. భూమి వేడిమి పెరుగుదలను 2 డిగ్రీలలోపు ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి అలెచ్ హిమానీనదంలో కనీసం సగం మంచు పోతుందని శాస్త్రజ్ఞులు 2019లో లెక్కకట్టారు. ఏమీ చేయకుండా వదిలేస్తే అక్కడక్కడ కొన్ని మంచు తునకలు మాత్రం మిగులుతాయి. సగం మిగలడానికీ, తునకలు మిగలడానికీ మధ్య ఉన్న తేడా మనమూ మన పిల్లలూ చేసే పనులే. పోయినదంతా తిరిగిరాదు. ఉన్నదానిని కాపాడుకోవచ్చు.

మా విచారణలో ఈ ఏడాది వాన పూజకు ముందు మేము ఒక చిన్న పని చేశాం. పూడిపోయిన గుడి చెరువులో వారం రోజులు మట్టి ఎత్తాం. మొదటి తట్ట ఎత్తినది ఆ ముసలాయనే. "ఇక నిశ్చింతగా అడగవచ్చు ఫాదర్‌గారూ" అన్నాడు. వాన వచ్చినా రాకపోయినా ఆ మాట నిజమే.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోవడానికి

1. 1678 నాటి మొక్కుబడిలోని రెండు భాగాలు ఏవి? మన ఇంటి మొక్కుబడులలో రెండవ భాగం ఉంటున్నదా?

2. హిమానీనదాన్ని బ్యాంకులోని సొమ్ముతో ఎందుకు పోల్చాం? మన ఊరి భూగర్భజలాలకు ఈ పోలిక వర్తిస్తుందా? మీ నాన్నగారి కాలంలో బోరు ఎన్ని అడుగులు వేసేవారు? ఇప్పుడు ఎన్ని?

3. మన ఇంట్లో వృథాగా మండుతున్నది, వెలుగుతున్నది, తిరుగుతున్నది ఏది? ఈ నెల మన తాహతు కొద్దీ దేనిని తగ్గించుకోగలం? పిల్లలను జాబితా రాయమనండి. పెద్దలు దానిమీద సంతకం చేయండి.

4. కొండప్రాంతాలలో ఇల్లు పోగొట్టుకున్నవారి కోసం ఈ వారం ఒక జపమాల చెప్పండి. పిడికెడు బియ్యం మరచిపోకండి.